కళ్లు తెరిచి చేసే ప్రార్థన

బుల్లి మళ్లీ వెనక్కి తిరిగింది. సగం అల్లిన జడ అమ్మ చేతుల్లోంచి జారిపోయింది.

"ఆ కొత్త బళ్లో నాతో ఎవరూ మాట్లాడకపోతే?"

అమ్మ జవాబు చెప్పలేదు. రెండు చేతులూ జుట్టులో ఉన్నాయి మరి. చేతిలో పని ఉండగా కబుర్లాడే అలవాటు ఆ ఇంట్లో లేదు. పిల్లను అటు తిప్పి, గబగబా జడ అల్లి, రిబ్బను ముడేసి, అప్పుడు భుజం తట్టింది.

"యేసయ్య ఉన్నాడు కదా తల్లీ. నీతోపాటే గేటు దాటుతాడు."

"దాటితే? ఆరో తరగతి బల్ల మీద నా పక్కన కూర్చుంటాడా?"

అమ్మకు నవ్వొచ్చింది, ఆ వెంటనే గుండె కలుక్కుమంది. పాత బడిలో ఐదో తరగతి వరకే ఉంది. అక్కడ పదిహేను మంది పిల్లలు, అంతా ఒక ఇంటివాళ్లలా పెరిగారు. ఈ కొత్త బడిలో ఎనిమిది వందల మంది! నాలుగు బళ్లు తిరిగితే సీటిచ్చింది ఇదొక్కటే. ఇక్కడా పిల్ల కుదురుకోకపోతే చదువు మాన్పించి, తను బట్టలుతికే లాండ్రీకే వెంటబెట్టుకుపోవాలి. ఆ మాట తలుచుకుంటేనే ఆమెకు ఏడుపొస్తోంది.

"ఆ కళ్లజోడు టీచరమ్మ ఉందే," బుల్లి వదల్లేదు. "సీటు కోసం వెళ్లిన రోజు నీ చేతులకేసే గుడ్లప్పగించి చూసింది."

"సబ్బునీళ్లకు పగిలిన చేతులు. చూస్తే చూడనీ, అరిగిపోతాయా?"

"తర్వాత రెండుసార్లు మా పాత బడికొచ్చింది. మా టీచరుతో తలుపేసుకుని గంటసేపు కూర్చుంది. నేనొద్దని చెప్పడానికే."

ఆ అనుమానం అమ్మకూ లేకపోలేదు. సీటిచ్చిన రోజు ఆవిడ ముఖాన నవ్వన్నది లేదు. "చూద్దాం లెండి" అని ఊరుకుంది.

"ఇంకోటమ్మా. అక్కడ గోడ మీద రాసుంది, ప్రార్థన వేళ అందరూ కళ్లు మూసుకోవాలట." పిల్ల అమ్మ ముఖంలోకి చూసింది. "కళ్లు మూసుకుంటే నాకేం తెలుస్తుంది?"

అమ్మ పిల్లకు ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుంది. ఆ ఇంట్లో ప్రార్థన ఎప్పుడూ కళ్లు తెరిచే, ఒకరినొకరు చూసుకుంటూనే.

"ప్రభువా, నా బిడ్డకు అక్కడ ఒక్కరిని చూపించు. ఒక్కరు చాలు."

"ఆమెన్," అంది బుల్లి.

గేటు దగ్గర బుల్లి అమ్మ చెయ్యి వదల్లేక వదల్లేక వదిలింది. అమ్మ ఊచల ఇవతలే నిలబడిపోయింది. లాండ్రీకి ఆలస్యమైతే యజమాని చీవాట్లు పెడతాడు. పెడితే పెట్టనీ, ఇవాళ అవి ఒక లెక్కా!

పిల్లలు బారులు తీరారు. మైకులో ప్రార్థన మొదలైంది. అందరి కళ్లూ ఒక్కసారిగా మూతపడ్డాయి. బుల్లి మాత్రం గుడ్లలో నీళ్లు కుక్కుకుని అటూ ఇటూ చూస్తోంది.

మెట్ల మీదున్న కళ్లజోడు టీచరమ్మ అది చూడనే చూసింది. చకచకా దిగి, వరుసల మధ్య నుంచి నేరుగా బుల్లి వైపే వచ్చింది.

"అయ్యో దేవుడా, మొదటి రోజే!" అమ్మ ఊచలు గట్టిగా పట్టుకుంది. పరుగున వెళ్లి పిల్లను చంకనేసుకుని ఇంటికి తెచ్చేసుకుందామనిపించింది. తనే కదా, కళ్లు తెరిచి ప్రార్థించడం నేర్పింది. తప్పంతా తనదే.

టీచరమ్మ బుల్లి ముందు ఆగింది. చేతిలోని పుస్తకాలు కింద పెట్టింది. భుజం తట్టింది. ఆవిడ కళ్లు కూడా తెరిచే ఉన్నాయి.

మైకులో వినిపిస్తున్న ప్రార్థనను తడబడుతూ, బుల్లి పాత బడిలో నేర్చుకొచ్చిన సైగల భాషలో చెప్పసాగింది.