మూడుసార్లు గుంజితే

కొత్తగా చేరిన ఫైర్‌మన్ నాగబాబుకి, బావిలో పడ్డవాళ్లను పైకి తీసే ముడి నెలరోజులైనా పట్టుబడలేదు. ఆ రాత్రి నర్సీపట్నమంతా కరెంటు పోయింది. నవ్వేవాళ్లెవరూ చూడరు కదా అని, స్టేషన్ వెనక పాడుబావిలోకి ఇసుకమూట కట్టి దించాడు.

ఎప్పటిలాగే ముడి జారింది. మూట కింద పడిన చప్పుడు మాత్రం రాలేదు.

చెవి ఒగ్గి వింటుండగా, చేతిలోని తాడు మూడుసార్లు గుంజింది. కిందివాడు 'కట్టుకున్నాను, లాగండి' అనడానికి ఇచ్చే సైగ అది. ఆ వెంటనే తాడు ఒక మనిషి బరువుతో బిగుసుకుంది.

"సింగన్న గారూ!"

సీనియర్ సింగన్న టార్చితో పరుగెత్తుకొచ్చాడు. బావిలోకి మాత్రం వెలుగు వెయ్యలేదు.

"లాగీకు" అని చెయ్యి అడ్డం పెట్టాడు.

"అయితే ఒగ్గేత్తానండి" అంటూ నాగబాబు తాడు మీద పట్టు సడలించబోయాడు.

"ఒగ్గీకు కూడా."

"మరేటి సెయ్యమంటారండి?"

సింగన్న తన అరచేతుల మీదికి టార్చి తిప్పాడు. రెండింటికీ అడ్డంగా తాడు కోసుకుపోయిన పాత మచ్చలు.

"తెల్లారితే అదే ఒగ్గేత్తాది" అని, లోపలికి వెళ్లి గడియ పెట్టుకున్నాడు.

గోడగడియారం తొమ్మిది కొట్టింది. తాడు మళ్లీ గుంజింది. ఈసారి నాలుగుసార్లు.

నాలుగుకి అర్థమేమిటో నాగబాబుకి ఎవరూ నేర్పలేదు.