నమ్మకంగా చెడిపోయేది

ప్రతి గుమ్మానికీ కెమెరా తప్పనిసరయ్యాక, ముక్తేశ్వరరావు కొట్లో మంచి హార్డ్ డిస్కులకు దుమ్ము పట్టింది. డిస్కు చెడి రికార్డింగు పోతే నేరం డిస్కుదే, మనిషిది కాదని చట్టం. అందుకే త్వరగా చచ్చే సరుక్కే గిరాకీ. ఛీ అనుకుంటూనే అమ్మేవాడతను.

ఒకనాడు ఓ హాస్టల్ యజమాని వచ్చాడు.

“బాబాయ్, నెల్లో ఖాయంగా పోయేది ఇవ్వు. కిందటి నెల నువ్విచ్చింది చెప్పిన రోజుకే పోయింది.”

“ఏ హాస్టలయ్యా మీది?” డిస్కు తీస్తూ అడిగాడు.

“కౌముది. ఆడపిల్లలది.”

ముక్తేశ్వరరావు మనవరాలు ఉండేది అక్కడే. మొన్న ఆదివారం ఇంటికొచ్చి, ఇంక వెళ్లనని ఏడ్చింది, కారణం చెప్పలేదు.

“అన్ని కెమెరాలుండగా భయమేంటే పిచ్చిదానా!” అని ఆటో ఎక్కించింది తనే.