అరగని పూత

ట్రాక్టరు వెనక తిరుగుతూ నేల దున్నే రోటవేటర్ బ్లేడ్ల నుంచి బోల్టుల దాకా అన్నిటికీ అరగని పూత వచ్చేసరికి కమ్మరి వీరాచారి కొలిమి ఆరిపోయింది. తొమ్మిదేళ్ల తర్వాత ఒక ఉదయం అతని కోసం చేని నుంచి మనిషి పరుగెత్తుకొచ్చాడు. డ్రైవర్ సుంకులమ్మ కాలు బ్లేడ్ల మధ్య ఇరుక్కుపోయింది.

బిగుసుకుపోయిన బోల్టులు ఊడలేదు. గ్యాస్ కట్టర్ మంటకు బ్లేడు కందనైనా లేదు. వీరాచారి తెచ్చిన రెండు రంపాలూ మొద్దుబారాయి.

“యాడన్నా తెగుతాదేమో చూడు ఆచారన్నా,” అంది సుంకులమ్మ.

“ఇది తెగేది కాదమ్మా,” అన్నాడు, ఆమె ముఖంలోకి చూడలేక.

సుంకులమ్మ అంబులెన్సులో వచ్చిన డాక్టరమ్మ వైపు తిరిగింది. “అయితే తెగేదాన్నే కోయండి.”

వీరాచారి రంపం పక్కన పడేసి, సుంకులమ్మ తల ఒడిలో పెట్టుకున్నాడు.

మధ్యాహ్నానికి యంత్రాన్ని కడిగి, ఇంకో డ్రైవరును ఎక్కించి, మిగిలిన చేను దున్నించారు.