అతుకు

“వదులు అత్తా, జిగురు ఇంకా ఆరలేదు!”

సుబ్బలక్ష్మమ్మ వినలేదు. కోడలు సహన అంటిస్తున్న తెగిన చెప్పును పట్టి లాగింది. “ఈ నగర్తపేటలో మన ఇంటి కోడలు ఎవతీ పనికి పోలేదు. ఈ పొద్దు నుంచి నువ్వు బడిలో సైన్సు టీచరమ్మవైతే మేము తలెత్తుకునేదెట్ల?”

ఆ పెనుగులాటలో సూపర్ గ్లూ ట్యూబు నలిగి చిమ్మింది. చెప్పు కింద పడింది. ఇద్దరి వేళ్ళూ ఒకదానికొకటి అతుక్కుపోయాయి.

“కావాలనే చేసినావు కదే!” అంటూ అత్త చేయి గుంజుకోబోయింది.

“గుంజద్దు, తోలు ఊడొస్తుంది.” సహన ఆమెను వంటింట్లోకి నడిపించి, వేళ్ళను గోరువెచ్చటి సబ్బునీళ్ళలో ముంచింది.

“ఏం పాడు జిగురే ఇది, ఇట్ల పట్టుకునింది?”

“ట్యూబులో చిన్న చిన్న అణువులు విడివిడిగా ఉంటాయి అత్తా. ఒక్కోదాంట్లో రెండు కార్బన్లు రెండు చేతులా పట్టుకొని ఉంటాయి. మన చెమట తడి తగిలితే ఒక పట్టు విడిపోయి, ఆ చెయ్యి పక్క అణువును పట్టుకుంటుంది. అది తన పక్కదాన్ని పట్టుకుంటుంది. ఏదీ రాలిపోకుండా వేలకు వేలు కలిసి ఒకే గొలుసైపోతాయి.”

“మరి ట్యూబులో ఉన్నప్పుడే ఎందుకు గట్టిపడదు?”

సహన తలెత్తి చూసింది. కాపురానికి వచ్చాక అత్త తిట్టు లేకుండా అడిగిన మొదటి మాట అది.

“అక్కడ తడి లేదు కదత్తా.”

వేళ్ళు మెల్లగా విడివడ్డాయి. సుబ్బలక్ష్మమ్మ కొంగుతో చేయి తుడుచుకుంది. “పిల్లోళ్ళకూ ఇట్లే చెప్తావా?”

“ఊఁ.”

అత్త వాకిట్లోకి నడిచి, తన చెప్పులను కాలితో వెనకే వచ్చిన కోడలి ముందుకు తోసింది.

“ఆ తెగినదాన్ని ఈడ్చుకుంటా పోయి మా మర్యాద తీయద్దు. ఇవి ఏసుకొని పో. బస్సు వచ్చే టైమైంది.”