వదిన కొనని ఇల్లు

వదిన ఆ ఇల్లు కొనకుండా ఆపడానికి మరిదికి మిగిలింది మూడు రోజులే. సోమవారం బయానా ఇచ్చేస్తానని ఆవిడ తేల్చి చెప్పేసింది.

ముప్ఫై ఏళ్లు ఆసుపత్రిలో నర్సుగా నిలబడి, మోకాళ్లు అరగదీసుకుని కూడబెట్టిన సొమ్మంతా ఈ ఏడాదే ఆవిడ చేతికొచ్చింది. అది తన ఫండులో వేయించాలని మరిది పట్టుదల. ఆ ఫండు అతను పంచే ఫారాల్లో తప్ప భూమ్మీద ఇంకెక్కడా లేదు. సొంత అన్న భార్యకే టోపీ పెట్టడానికి మనసెలా ఒప్పిందని అడక్కండి, అతనికి ఒప్పింది.

"ఇల్లు కొంటే డబ్బంతా గోడల్లో ఇరుక్కుపోతుంది వదినా. తెలిసినవాళ్లెవరైనా చెప్పేది ఒకటే. ఫండులో వేసి మర్చిపోవాలి. మనం నిద్రపోతున్నా అది పెరుగుతుంటుంది."

"నేను నిద్రపోతుంటే పెరిగేది నా బీపీ ఒక్కటేనయ్యా," అంది వదిన. "అద్దె అయితే నెల తిరిగేసరికి చేతిలో పడుతుంది. ఇల్లు కంటికి కనిపిస్తుంది. నీ ఫండు నీకెప్పుడైనా కనిపించిందా?"

మరిది మాట మార్చాడు. "పోనీ, అక్కడ అద్దెకున్నాయనతో ఒకసారి మాట్లాడి చూడండి. నాకు తెలిసినవాడే. ఆదివారం తీసుకెళ్తాను."

నిజానికి అతను ఆ ఇంటి గడప కూడా తొక్కలేదు. సాయంత్రానికల్లా నాటకాల్లో విలన్ వేషాలు వేసే ఒకాయన్ని పట్టుకున్నాడు. అందరూ ఆయన్ని విలన్ అనే పిలుస్తారు. పని చిన్నదే. ఆదివారం పొద్దున ఆ ఇంట్లో అద్దెకుంటున్నవాడిలా కనబడి, ఇల్లు కొనాలన్న ఆశే ఆవిడకు చచ్చిపోయేలా మాట్లాడాలి.

చిరునామా చూసి విలన్ చాలాసేపు బుర్ర గోక్కున్నాడు.

"రేటు రెట్టింపవుతుంది సార్."

"ఎందుకూ?"

"ఇలాంటి వేషం ఇంతవరకు వెయ్యలేదు."

"సరేలే. మరి అక్కడ నిజంగా ఉండేవాడు అడ్డొస్తే?"

"అతని సంగతి నాకొదిలెయ్యండి. నా మాట కాదనడు."

మరిది అడిగినంతా ముందే ఇచ్చేశాడు. గోటితో పోయేదానికి గొడ్డలెందుకని బేరమాడే మనిషే, కానీ వదిన సొమ్ము ముందు ఇదెంత అనుకున్నాడు.

ఆదివారం విలన్ బనియను మీదే తలుపు తీశాడు. చూడకుండానే తలుపు వెనక్కి చెయ్యి పోనిచ్చి లైటు వేశాడు. వంటగది కుళాయిని రెండు గుద్దులు గుద్ది నీళ్లు రప్పించాడు. వాన పడితే మంచం ఏ మూలకు జరపాలో జరిపి మరీ చూపించాడు.

"అద్దె మాట మాత్రం ఎత్తకండి," అన్నాడు కుర్చీలో కాలు మీద కాలేసుకుని. "రెండు నెలలుగా ఇవ్వలేదు. ఇవ్వను కూడా. ఖాళీ చెయ్యమంటే కోర్టుకెక్కుతాను. పదేళ్లు చెప్పులరిగేలా తిరగాలి."

వదిన మొహం మాడిపోయింది. మరిది లోపల్లోపల మురిసిపోయాడు. రెండు రోజుల్లో ఇల్లంతా ఎంత బాగా బట్టీ పట్టాడు, నటుడంటే ఇలా ఉండాలి అనుకున్నాడు.

సోమవారం పొద్దున్నే ఫారాలు పట్టుకుని వదిన ఇంట్లో వాలాడు.

"రాత్రంతా ఆలోచించానయ్యా," అంది వదిన. "ఆ ఇల్లు ఇక కొనను."

మరిదికి ప్రాణం లేచొచ్చింది. "మంచి పని చేశారు. ఇదిగో, ఇక్కడొక సంతకం పెట్టండి."

వదిన కళ్లజోడు పెట్టుకుంది. ఫారాన్ని పక్కకు నెట్టి, సంచిలోంచి చిన్న పుస్తకం తీసి, పెన్ను మూత విప్పింది.

"కొన్న ఇంటిని మళ్లీ ఎవరు కొంటారయ్యా? రెండు నెలల కిందటే నా పేర రిజిస్టరైంది, నువ్వెంత దూరం పోతావో చూద్దామని చెప్పలేదంతే. ఆ విలన్ నా ఇంట్లో అద్దెకున్నవాడే. నువ్విచ్చిన డబ్బుతో బాకీ ఉన్న అద్దె అంతా కట్టేశాడు, రసీదు అతని పేర రాయనా, నీ పేర రాయనా?"