అత్తగారి పర్యవేక్షణలో పూలతోట

అత్తగారు ఓవెన్ తలుపు మళ్లీ తెరిచారు.

"అత్తయ్యా, కేకులు పొంగేటప్పుడు తెరవకూడదని ఇందాకే చెప్పాను," అంది కోడలు.

"తెరవకపోతే పొంగుతున్నాయో లేదో ఎలా తెలుస్తుంది?"

ఓవెన్ తలుపుకి అద్దం పెట్టినవాడు, పాపం, ఈ సంగతి ఆలోచించినట్టు లేదు.

కేకుల గురించి అత్తగారికి తెలిసిందల్లా తినడం. ఆ ఒక్క అర్హతతో పొద్దున్నే వచ్చి కోడలి వంటింట్లో కుర్చీ వేసుకుని కూర్చున్నారు. ఏడాది చివరి సెలవులు. సాయంత్రం అత్తగారింట్లో బంధువులంతా కలుస్తున్నారు. ఈసారి కప్ కేకులు మావేనని ఆవిడ అందరికీ మాటిచ్చేశారు. చెయ్యాల్సిన మనిషిని తప్ప అందరినీ సంప్రదించారు.

మామూలు కప్ కేకులైతే ఆవిడ హోదాకి తక్కువ. అందుకని పూలతోట. బిస్కెట్ పొడి మట్టి, ఆకుపచ్చ క్రీమ్ గడ్డి, గడ్డిలో గులాబీలు, పొద్దుతిరుగుడు పూలు, అక్కడక్కడా ఆకు మీద ఎర్రటి పురుగు. ఫోన్లో వీడియో మొత్తం ఆవిడే చూశారు. కష్టమైన పని అయిపోయింది. ఇక మిగిలింది చెయ్యడమేగా.

కోడలికి ఆ పని భారం కాదు. ఆమె భయమల్లా అత్తగారింటి హాలు. పోయినసారి అక్కడ అదే బంధువులు ఆమె గురించి తలా ఒక మాట అన్నారు. అత్తగారు పక్కనే కూర్చుని తన గోళ్లు పరిశీలించుకున్నారు. వంటింట్లో ఎన్ని తిట్టినా ఫరవాలేదు. నలుగురిలో ఆవిడ తన పక్షాన ఒక్క మాట అంటే చాలు. కోడలు కోరుకున్నది అంతే. అదీ ఎప్పుడూ నోరు తెరిచి అడగలేదు.

"బాక్సులు గుమ్మం దగ్గర ఇచ్చేసి వచ్చేస్తాను," అంది.

"ఏం, పార్సిల్ ఇవ్వడానికి వస్తున్నావా? లోపలికొచ్చి కూర్చో. ముందు ఆ పళ్లెంలో గులాబీ సంగతి చూడు. క్యాబేజీలా ఉంది."

ట్రే బయటికొచ్చింది. ప్రతి కేకు నడుమా గుంట. అన్నిసార్లు చలిగాలి తగిలితే ఏ కేకైనా కూలబడుతుంది. అత్తగారు వంగి చూసి, పిండి మంచిది కాదని తేల్చేశారు.

కోడలు గుంటల్లో నీలం క్రీమ్ నింపింది. కొలనులయ్యాయి. ఒక్కో కొలనులో ఒక్కో తెల్ల కలువ నిలబెట్టింది.

అత్తగారు కళ్లద్దాలు సవరించుకున్నారు. "చూశావా, నేను తలుపు తెరవబట్టి సరిపోయింది. లేకపోతే నీకీ ఆలోచన వచ్చేదా?"

అంతలో ఆవిడకి కొడుకు దగ్గర్నుంచి ఫోన్. సాయంత్రం కాస్త ఆలస్యమవుతుందట. వచ్చినప్పుడే రమ్మనీ, ఇక్కడ తామంతా పనిలో ఉన్నామనీ చెప్పి పెట్టేశారు. ఆవిడ పని అప్పటికి పడిపోయిన క్రీమ్ చుక్కని వేలితో తీసి రుచి చూడటం. కోడలు గడ్డి మీంచి తల ఎత్తలేదు.

పక్కింటావిడ గిన్నె తిరిగివ్వడానికి వచ్చి, వంటింటి గుమ్మంలో నిలబడిపోయింది. అప్పుడు విచారణ పొద్దుతిరుగుడు పువ్వు మీద నడుస్తోంది. అది సూర్యుణ్ణి వదిలేసి ఫ్రిజ్ వైపు తిరిగిందని అత్తగారి అభియోగం. పక్కింటావిడ కోడల్ని వరండాలోకి లాగి, ఈ నసంతా ఎలా భరిస్తున్నావమ్మా అని అడిగింది.

"వదిలించుకోవడం అంత తేలిక కాదండీ," అంది కోడలు నవ్వుతూ.

"ఎవర్ని?" అని లోపల్నుంచి వినిపించింది. అత్తగారి చెవులకు మాత్రం వయసు రాలేదు.

సాయంత్రం హాలు నిండింది. కోడలు బల్ల మీద బాక్సుల మూతలు తీసింది. పూలతోటను చూసి నోళ్లు తెరిచినవాళ్లు, పక్కనున్న మనిషిని చూసి మూసేశారు. ఆమె వెళ్లి గోడ పక్కన నిలబడి, కాగితపు రుమాళ్లు సర్దడం మొదలుపెట్టింది. అవి అప్పటికే సర్ది ఉన్నాయి.

అందరికంటే ముందు చెయ్యి చాపింది జడ్జిగారు. జడ్జిగారంటే అత్తగారి చెల్లెలు. జీవితంలో కోర్టు గడప తొక్కింది లేదు గానీ, ఎవరో ఒకరి మీద తీర్పు చెప్పందే ఆవిడకి తిన్నది అరగదు. కలువతో సహా కొలనును నోట్లో పెట్టుకుని, ముక్కుకి నీలం క్రీమ్ అంటించుకుని, కళ్లు మూసుకున్నారు. హాలంతా తీర్పు కోసం చూసింది.

"బాగున్నాయే. ఏ బేకరీ అక్కా?"

కోడలి చేతిలో రుమాలు ఆగిపోయింది. అత్తగారు గోళ్లు చూసుకున్నారు. ఒక గోటి కింద ఆకుపచ్చ క్రీమ్ ఇంకా ఉంది. తల ఎత్తారు.

"బేకరీ ఏంటే? మా కోడలు చేసింది."

జడ్జిగారు నమలడం మానేశారు. "ఏ కోడలు?"

"ఏ కోడలేంటి? నాకున్నది ఒక్కతే," అన్నారు అత్తగారు, హాలు ఆ చివర కూర్చున్నవాళ్లకి కూడా వినపడేలా.

సరిగ్గా అప్పుడే ఆవిడ ఒక్కగానొక్క కొడుకు, తన కొత్త భార్య చెయ్యి పట్టుకుని గుమ్మంలో అడుగుపెట్టాడు.