మోయగలిగినంత

"కూరలు తరిగే కత్తితో బ్రష్షు పిడి కోస్తారా ఎవరైనా? పదును పోదూ మరి?" అంది ఇల్లాలు.

"పిడి పళ్ళు తోమదు. అదంతా దండగ బరువు," అన్నాడు ఇంజినీరు, తెగిన ముక్కను చెత్తబుట్టలోకి విసురుతూ.

అది మంగళవారం పొద్దున. వంటింటి త్రాసు అప్పటికే ఆయన గదికి చేరింది. సబ్బు, దువ్వెన, మేజోళ్ళు ఒక్కొక్కటే దాని మీద కూర్చుని తీర్పు చెప్పించుకుని దిగుతున్నాయి. కొండదారుల్లో తమ్ముడితో కలిసి నడవాలన్న కోరిక ఆయనకు ఈనాటిది కాదు. ఇన్నాళ్ళకు సెలవు దొరికింది. గుడారం, తిండి, పడక అన్నీ వీపు మీదే మొయ్యాలి. తమ్ముడు అలాంటి దారులు చాలా చూసినవాడు. బరువు తగ్గిస్తే మోకాళ్ళు దక్కుతాయని, మరీ తగ్గిస్తే చలికి నిద్ర దక్కదని, ఆ రెంటి మధ్య తన కొలతేదో ఎవరికి వారే తేల్చుకోవాలని ముందే చెప్పాడు. అన్నగారు అందులో మొదటి ముక్క మాత్రమే విన్నాడు.

కత్తి సంగతి ఇంకా ఎత్తితే ఊరుకోనని ఆయన గొంతు పెంచాడు. ఆ గొంతు వినగానే ఒక అడుగు వెనక్కి వెయ్యడం ఆమెకు పెళ్ళైన కొత్తలోనే అలవాటైంది. మోచేతి పైన మానిన మచ్చ ఒకటి ఆ అలవాటు నేర్పింది. ఆ రోజు మాత్రం ఆమె కదల్లేదు. మంచం మీద పక్కకు తీసిపెట్టిన వస్తువులకేసి చూసింది.

"దళసరి పరుపు వదిలేస్తున్నారా? మంచి పని. మీరు మోయలేరు లెండి."

ఆయన చెయ్యి ఆగింది. "మోయలేనని ఎవరన్నారు?"

"ఎవరూ అనలేదు. మీ తమ్ముడంటే వయసులో ఉన్నాడు, మోస్తాడు."

పరుపు చుట్ట సంచీలోకి వెళ్ళింది.

ఆ తర్వాత రెండో దుప్పటి వెళ్ళింది, మూత ఉన్న పెద్ద గిన్నె వెళ్ళింది, ఫ్లాస్కూ వెళ్ళింది. ప్రతిదాన్నీ ఆమె వద్దనే అంది. త్రాసు మళ్ళీ వంటింటికి వచ్చేసింది. కోడలు మొత్తుకుంటున్న కొద్దీ సంచీ లావెక్కడం చూసి అత్తగారికి నవ్వొచ్చింది, వెంటనే దిగులూ వచ్చింది.

"వాడు ఎడ్డెమంటే తెడ్డెమనే రకమే తల్లీ. నువ్వు వద్దనడం మానెయ్. పట్టుకెళ్ళమని చెప్పి చూడు, దెబ్బకి తీసి అవతల పారేస్తాడు."

"కట్టుకున్నదాన్ని కదా అత్తయ్యా. వద్దనకుండా ఎలా ఉండమంటారు?" అంది కోడలు.

అత్తగారి దిగులుకు కారణం ఉంది. ఆవిడ భర్త సరిగ్గా ఈ వయసులోనే నీళ్ళ బిందె ఎత్తి, దించి, మెట్టు మీద కూర్చుని మళ్ళీ లేవలేదు. ఇప్పుడు కొడుకు రోజూ సాయంత్రం ఆ సంచీ తగిలించుకుని, సాధన పేరుతో కింది నుంచి తమ వాటా దాకా మెట్లెక్కుతున్నాడు. తలుపు తీసి ఉంచి ఆవిడ ఆ అడుగుల చప్పుడు వింటూ కూర్చునేది. చప్పుడు మధ్యలో ఆగేది. ఆగినప్పుడల్లా ఆవిడ లేచి నిలబడేది. మళ్ళీ మొదలైతేనే కూర్చునేది.

ఒక సాయంత్రం తమ్ముడు వచ్చేసరికి అన్న మెట్ల మలుపులో కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు. చల్లగాలి వీస్తున్నా ఒళ్ళంతా చెమట. ముఖం బూడిద రాసినట్టుంది. రెండో చేత్తో ఎడమ భుజం నొక్కుకుంటున్నాడు. పట్టీ ఒరుసుకుందన్నాడు.

తమ్ముడు సంచీ ఎత్తి బరువు చూశాడు. పైకి తెచ్చి మొత్తం విప్పాడు. బరువైనవి వెన్నుకు ఆనేలా మళ్ళీ సర్దాడు. మోత భుజాల మీద కాదు, నడుం మీద కూర్చోవాలని చెప్పి నడుం పట్టీ బిగించి చూపించాడు. దుప్పటి, గిన్నె, ఫ్లాస్కు తీసి పక్కన పెట్టాడు.

"పట్టీ లేనప్పుడు కూడా నొప్పి వస్తోందా అన్నయ్యా?"

అన్న నవ్వేశాడు. ఇల్లాలు ఆ మూడు వస్తువులూ చేతుల్లోకి తీసుకుంది.

"నయం, మీరైనా చెప్పారు. గుడారం కూడా మీరే మోద్దురూ, ఆయన మీ వెనకాల మెల్లగా వస్తారు," అంది మరిదితో.

ఇంజినీరు ఆమె చేతుల్లోంచి ఆ మూడూ లాక్కుని సంచీలో కుక్కాడు. గుడారం దాని పైన కట్టాడు.

ఆదివారం మధ్యాహ్నం అందరూ భోజనాలకు కూర్చున్నారు. అత్తగారు మెతుకు ముట్టలేదు. డాక్టరుకు చూపించుకున్నావా లేదా, అది చెప్పమంది కొడుకును.

"గుండె పరీక్ష కూడా అయిందమ్మా. తేడా ఏదైనా ఉంటే ఆసుపత్రి వాళ్ళే ఫోన్ చేస్తామన్నారు. నేను ఫోన్లు ఎత్తనుగా, దీని నంబరిచ్చాను." ఆయన భార్య వైపు తిరిగాడు. "ఏమోయ్, ఎవరైనా చేశారా?"

ఆమె ఆయన గ్లాసులో నీళ్ళు నింపుతోంది. "ఎవరూ చెయ్యలేదండీ."

అత్తగారు తేలిగ్గా ఊపిరి వదిలి అన్నం కలుపుకుంది.

"అయినా గుడారం నాకిచ్చెయ్ అన్నయ్యా. వెళ్ళేది కూడా చుట్టుదారినే వెళ్దాం, ఎక్కాల్సింది తక్కువ," అన్నాడు తమ్ముడు.

"ఆ మాట వినండి. నిటారు దారి మీవల్ల కాదు," అంది ఆమె.

ఇంజినీరు చెయ్యి కడుక్కోకుండానే లేచి నిలబడ్డాడు. గుడారం తనదేనన్నాడు. వెళ్ళేది నిటారు దారినేనన్నాడు.

"రేపు పొద్దున్నే బయల్దేరుతున్నాం. ఇక దీని మీద ఎవరూ మాట్లాడక్కర్లేదు."

ఆమె మరిది పళ్ళెంలో ఇంకొంచెం కూర వడ్డించింది.

ఆసుపత్రి నుంచి ఫోన్ కిందటి సోమవారమే, ఆయన బ్రష్షు పిడి కొయ్యడానికి ముందురోజే, వచ్చింది.